మిద్దెకొమ్మ పద్యం: టీకాతాత్పర్య విశేష సహితం

అవతారిక

ఇక్కడ వ్యాఖ్యానించబోయేది నాలుగు పాదాల తేటగీతి. కర్త ఎవరని వెతకనక్కర్లేదు. మూలం లేనిదే టీక నిలవదు గనుక మూలాన్ని కూడా టీకాకారుడే కట్టుకున్నాడు. పద్యంలో చెప్పిన సంఘానికి బోర్డు లేదు, రసీదు పుస్తకం లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. 1980లలో ఉత్తర మద్రాసులో టీవీ ఉన్న ఇంటి ముందుగదిలో ఆదివారం పొద్దున వెలిసి, భోజనాల వేళకు రద్దయ్యే, స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్ అభిమానుల సంఘం అది.

దాన్ని రాయపురంలోనే నిలపడానికి కారణం ఉంది. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో కదిలింది ఈ పేట స్టేషను నుంచే. వాలాజా రోడ్డు దాకా ఎద్దూ గుర్రమూ లేకుండా పోయిన బండిని కళ్ళారా చూసిన పేటకు, నక్షత్రాల మధ్య తిరిగే ఓడ పెద్ద వింత కాదు. పైగా ఇక్కడ కల్‌మండపం పక్కన కాశిమేడు రేవు, సెయింట్ పీటర్స్ చర్చి, ఇంకా కొంచెం నడిస్తే పారసీల అగ్ని దేవాలయం, సందుసందుకీ తెలుగిళ్ళు. వేర్వేరు గ్రహాలవాళ్ళు ఒకే ఓడలో ఉద్యోగం చేసే కథ ఈ పేటవాళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

శాస్త్రం మొదలుపెట్టేముందు అధికారి ఎవరో చెప్పడం ఆచారం. అధికారి అంటే ఇక్కడ తాసీల్దారు కాదు, ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు. మద్రాసులో అభిమాన సంఘమంటే సినిమా నటుడిదే. రసిగర్ మన్రం అంటారు. దానికి గోడ కావాలి, గోడకు రంగు కావాలి, కటౌటు కావాలి, విడుదల నాడు కటౌటు మీద పోయడానికి పాలు కావాలి. మన సంఘానికి ఇవేవీ పొసగవు. ఆ సీరియల్‌లో ఓడను నడిపే కెప్టెన్ కిర్క్‌కు పాలాభిషేకం చేసినా ఆయన ఏ ఎన్నికలోనూ నిలబడడు, గెలిచి మన వీధికి కుళాయి వేయించడు. ఏ ఫలమూ ఆశించకుండా అభిమానించగలిగినవాడే ఈ శాస్త్రానికి అధికారి. అలాంటివాళ్ళు పేటకు పదిమంది దొరికితే గొప్ప.

మూలం

వేళ దాటక రమ్ము మీ వీధి విడిచి
మిద్దెకొమ్మను తిప్పకు మీరి మాట
ఓడ లేచిన పిమ్మట నుస్సురనకు
దీప మారిన నింటికి తిరుగవలదు

ప్రతిపదార్థం

వేళ = ప్రసారము మొదలగు సమయమును, దాటక = మించిపోనీయక, మీ వీధి విడిచి = మీమీ తెరువులను వదలి, రమ్ము = టీవీ గల యింటికి విచ్చేయుము; మాట మీరి = పెద్దల యాజ్ఞ నతిక్రమించి, మిద్దెకొమ్మను = మేడమీద నిలిపిన యాంటెన్నాను, తిప్పకు = అటునిటు మరల్పకుము; ఓడ = అంతరిక్షనౌక, లేచిన పిమ్మటన్ = ఎగిరిన తర్వాత, ఉస్సురనకు = నిట్టూర్పు విడువకుము; దీపము ఆరినన్ = కరెంటు పోయినచో, ఇంటికిన్ = స్వగృహమునకు, తిరుగవలదు = మరలిపోవలదు.

తాత్పర్యం

టైముకు రా, యాంటెన్నా ముట్టుకోకు, నోరు మూసుకుని చూడు, కరెంటు పోతే కదలకు.

విశేషాలు

తాత్పర్యం ఒక్క పంక్తిలో తేలిపోయింది. కష్టమంతా ఇక్కడినుంచి.

"వేళ దాటక": మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. ఆ తర్వాత దాదాపు పదేళ్ళకు, ఆదివారం పొద్దుటి పూట, స్టార్ ట్రెక్ వచ్చింది. అమెరికాలో ఆ కథ 1966 సెప్టెంబరు 8న మొదలై, 79 భాగాలు నడిచి, 1969లో ఆగిపోయింది. అంటే రాయపురం చేరేసరికి ఓడ పదిహేనేళ్ళకు పైగా ఆలస్యం. అంత ఆలస్యంగా వచ్చినదాని కోసం అయిదు నిమిషాలు ముందే రమ్మని శాసించడంలో ఏమి ఔచిత్యం అని శంక. సమాధానం: ఆలస్యం దేవుడికి చెల్లుతుంది, భక్తుడికి చెల్లదు. పైగా ఆలస్యంగా వచ్చినవాడికి గుమ్మం దగ్గర చెప్పుల మీదే చోటు.

జనం ఎంతమంది వస్తారో ముందే చెప్పలేమనడానికి న్యూయార్కు ఉదాహరణ. 1972 జనవరిలో స్టార్ ట్రెక్ అభిమానుల మొదటి పెద్ద సభ ఒక హోటల్లో పెట్టారు. కొన్ని వందలమంది వస్తారనుకుంటే మూడువేలకు మించి వచ్చిపడ్డారు. కథ ఆగిపోయిన మూడేళ్ళకు! రాయపురం ముందుగది అంతటి పరీక్షను ఎన్నడూ ఎదుర్కోలేదు. పన్నెండో మనిషి వస్తే చాపను అడ్డంగా తిప్పి వేసేవారు.

"రమ్ము మీ": రమ్ము ఏకవచనం, మీ బహువచనం. వ్యాకరణ దోషం కాదా అంటే కాదు. 1974లో అమెరికాలో మొదలైన స్టార్‌ఫ్లీట్ అనే అభిమాన సంఘంలో ఊరి శాఖను శాఖ అనరు, ఓడ అంటారు. దానికి అధ్యక్షుడు ఉండడు, కెప్టెన్ ఉంటాడు. సభ్యులకు సైన్యంలోలా హోదాలు. మేనల్లుడు కమాండరై, మేనమామ కొత్తగా చేరిన అడుగుస్థాయి అధికారి కావచ్చు. అక్కడ పిలుపు ఎలా? వరసను బట్టి "రమ్ము", హోదాను బట్టి "మీ". కర్త రెంటినీ ఒకే పాదంలో ఇమిడ్చి ఇంట్లో గొడవ రాకుండా చూశాడు.

"మిద్దెకొమ్మను తిప్పకు": ఈ పాదమే పద్యానికి ప్రాణం. మిగిలిన మూడు పాదాలూ మనుషుల గురించి, ఇదొక్కటి యంత్రం గురించి. అసలీ కొమ్మ లక్షణమేమిటో చూద్దాం. నడుమ ఒక దండం, దానికి అడ్డంగా పుల్లలు. వెనకది అన్నిటికన్నా పొడుగు, ముందువి పొట్టి. పొట్టి పుల్లలు ఎటు చూస్తున్నాయో అటునుంచి వచ్చే తరంగాన్నే అది బాగా పట్టుకుంటుంది. దీన్ని యాగి యాంటెన్నా అంటారు. యాగము చేయువాడు గనుక యాగి, ఆకాశవాక్కును ఆకర్షించువాడు అని వ్యుత్పత్తి చెప్పబోయే పండితులు కాస్త ఆగాలి. యాగి జపానువారి ఇంటిపేరు. 1926 ప్రాంతంలో తొహోకు విశ్వవిద్యాలయంలో షిన్‌తారో ఉదా, హిదెత్సుగు యాగి దీన్ని రూపొందించారు. పని ఎక్కువగా ఉదాది, పేరు నిలిచింది యాగికి. సంఘాలు నడిపినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యపోవాల్సింది కనిపించదు.

ఇక దిక్కు. రాయపురానికి దూరదర్శన్ టవరు ఏ దిక్కున ఉంది? శివానంద శాలై, చేపాక్. అంటే దక్షిణం, కొంచెం పడమర వాలుగా. బూస్టరు బిగించుకున్నవాళ్ళకు వాతావరణం అనుకూలించిన రోజున ఇంకొకటి కూడా అందేది: 1982లో మొదలైన శ్రీలంక రూపవాహిని. ఆ దేశపు పెద్ద నగరం కొలంబో ఏ దిక్కు? మ్యాపు తీసి చూడండి. దక్షిణం, కొంచెం పడమర వాలుగా! అయిదు కిలోమీటర్ల దూరంలోని చేపాకూ, సముద్రం ఆవలి కొలంబో నగరమూ రాయపురం మేడకు ఒకే వరసలో ఉన్నాయి. కాబట్టి "తిప్పకు" అనేది మర్యాద వాక్యం మాత్రమే కాదు, భూగోళ సిద్ధాంతం. ఏ ఊరి టీవీ కావాలన్నా తిప్పాల్సిన పనే లేదు. అయినా ప్రతి ఆదివారం ఎవడో ఒకడు మేడెక్కి తిప్పాడంటే అది అజ్ఞానం వల్ల కాదు, కింద కూర్చోవడానికి చోటు దొరకక.

మనుషులు తిప్పకపోయినా కాకి తిప్పుతుంది. కాశిమేడు చేపల మీద బలిసిన కాకి వచ్చి ముందు పుల్ల మీద వాలితే ఓడ కాస్తా మంచులో కూరుకుపోతుంది. "తిప్పకు" అన్న నిషేధం కాకికి వర్తిస్తుందా? వర్తించదు. విధినిషేధాలు శాస్త్రం చదవగలిగినవాళ్ళకే. కాకికి సంబంధించినంతవరకు రాయే ప్రమాణం. ఉప్పుగాలికి పుల్లల బిగింపులు తుప్పు పట్టి వంగిపోవడం ఈ వ్యాఖ్య పరిధిలోకి రాదు.

"మీరి మాట": మాట అంటే ఆజ్ఞ అని ప్రతిపదార్థంలో చెప్పాం. మాట అంటే భాష అని ఇంకో అర్థం తీసేవారున్నారు. ఆ దారిన పోతే పాదం లోతు పెరుగుతుంది. స్టార్ ట్రెక్ ఇంగ్లీషు. దూరదర్శన్‌లో వచ్చిన స్పేస్ సిటీ సిగ్మా హిందీ. అందులో కెప్టెన్ తారా, జఖాకూ అనే ప్రతినాయకుడు. 1998లో కేతన్ మెహతా తీసిన కెప్టెన్ వ్యోమ్ కూడా హిందీయే, మిలింద్ సోమన్ నాయకుడు. తమిళంలో సుజాత రాసిన ఎన్ ఇనియ ఇయందిరా నవల సీరియల్‌గా వచ్చింది. జీనో అనే మరకుక్క అందులో మనుషులకన్నా తెలివిగా మాట్లాడుతుంది. సుజాత అసలు పేరు రంగరాజన్. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరు, మనం ఓటు వేసే యంత్రం తయారీలో ఆయన పాత్ర పెద్దది. జీనోని సృష్టించినవాడే ఓటు యంత్రానికీ పనిచేశాడంటే, ఎన్నికలో నిలబడని కిర్క్ గురించి అవతారికలో చెప్పినదానికి కొంత పరిహారం జరిగినట్టే.

మూడు మాటల్లో విని, నాలుగో మాటలో పోట్లాడుకోవడం రాయపురం తెలుగువాడి విధి. మరి తెలుగులో ఏముంది? 1991లో సింగీతం శ్రీనివాసరావు ఆదిత్య 369 ఇచ్చారు. కాలయంత్రం ఎక్కితే వెనక్కి కృష్ణదేవరాయల కొలువు, ముందుకు 2504వ సంవత్సరం. అయితే అది సినిమా. టీవీలో వేసిన సినిమా టీవీ కథ అవుతుందా? కాదని ఛాందసులు, అవుతుందని ఉదారులు. టీకాకారుడు ఉదారుడే. ఛాందసుల మాట వింటే తెలుగు తరఫున చూపించడానికి చేతిలో ఏమీ మిగలదు.

"ఓడ": రావణుడి పుష్పకమని అర్థం చెప్పేవారున్నారు. అది 1987 జనవరి తర్వాతి పాఠం. ఆదివారం పొద్దున రామాయణం మొదలయ్యాక వీధి మొత్తం ఒకే గదిలోకి వచ్చింది. చాప అడ్డంగా తిప్పినా చాలక గోడల మీదికి, కిటికీల మీదికి ఎక్కారు. ఆ గుంపును చూసి, అది మన సంఘ సభ్యత్వమే పెరిగిందని పొరబడరాదు. ఇక్కడ ఓడ అంటే స్టార్ ట్రెక్‌లోని ఎంటర్‌ప్రైజే.

ఈ పేరుతో నిజంగానే ఒక ఓడ ఉంది. అమెరికా తన మొదటి స్పేస్ షటిల్‌కు కాన్‌స్టిట్యూషన్ అని పేరు పెట్టబోయింది. అభిమానులు ఉత్తరాలు గుప్పించారు. అధ్యక్షుడు ఫోర్డ్ తలొగ్గి ఎంటర్‌ప్రైజ్ అని మార్పించాడు. 1976 సెప్టెంబరు 17న దాన్ని బయటికి తెచ్చినప్పుడు స్టార్ ట్రెక్ నటులు వరసగా నిలబడి చూశారు. అయితే ఆ ఓడ పరీక్షల కోసం కట్టినది. విమానం వీపు మీద ఎక్కి గాలిలోకి పోయింది, వదిలితే దిగింది, అంతరిక్షానికి మాత్రం ఒక్కసారీ పోలేదు. ఇంజన్లే లేవు. అభిమానులు తమ పరపతి అంతా ఖర్చుపెట్టి పేరు పెట్టించుకున్న ఓడ, ఉన్నవాటిలో అంతరిక్షానికి ఎగరని ఓడ. తర్వాతి షటిల్ కొలంబియా దాకా ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఈ సందర్భంలో "ఉస్సురనకు" అని కర్త ముందే హెచ్చరించడం చూడండి.

"ఉస్సురనకు": నిట్టూర్పు ఎందుకు పుడుతుంది? రసభంగం వల్ల. సెట్టు గోడ ఊగితే ఉస్సురంటాం. కెప్టెన్ ప్రతి గ్రహంలోనూ ఇంగ్లీషు వచ్చినవాళ్ళనే కలిస్తే ఉస్సురంటాం. కాని సంఘంలో ఉస్సురనే హక్కు ఎవరికీ లేదు. దోషం కనిపిస్తే సమన్వయం చెయ్యాలి. ఈ విద్యలో మన గురువు కోలాచలం మల్లినాథసూరి, మెతుకుసీమ కొల్చారంవాడు. కాళిదాసు కావ్యాలకు ఆయన వ్యాఖ్యలే నేటికీ దారి. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన రెండు ప్రతిజ్ఞలు చేసుకున్నాడు. అభిమాన సంఘాలు ఆ రెండు ప్రతిజ్ఞల్నీ తప్పాయి. తప్పడమే వాటి వృత్తి. 1967లోనే స్పాకనాలియా అనే చేతిపత్రిక వచ్చింది. కర్త చెప్పని విషయాలు చెప్పడానికే దాని పేజీలు.

ఒక పాఠాంతరం చూద్దాం. స్టార్ ట్రెక్ తొలినాటి భాగం ఒకదానిలో గారీ మిచెల్ అనే అతనికి దైవశక్తులు వస్తాయి. స్నేహితుడైన కెప్టెన్‌కు ముందుగానే సమాధి సిద్ధం చేసి, రాయి మీద జేమ్స్ ఆర్. కిర్క్ అని సృష్టిస్తాడు. తర్వాతి భాగాలన్నిటిలో ఆయన జేమ్స్ టి. కిర్క్. టి అంటే టైబీరియస్. మరి ఆర్ ఏమిటి? రాతప్రతి దోషం అనుకుంటే సులువు. కాని దైవశక్తి వచ్చినవాడికి ఏళ్ళ తరబడి పక్కన పనిచేసిన స్నేహితుడి పేరు రాదా? దీనికి ఎన్ని సమాధానాలున్నాయో అన్ని సంఘాలున్నాయి. సర్వజ్ఞత వచ్చిన కొత్తలో చిన్న విషయాలు మరిచిపోవడం సహజమని టీకాకారుడి అభిప్రాయం. పెద్ద పదవి వచ్చినవాళ్ళను చూసినవారెవరూ దీన్ని కాదనరు.

ఇంతకన్నా గట్టి ముడి క్లింగాన్లు అనే గ్రహాంతరవాసుల నుదురు. 1967లో తొలిసారి కనిపించినప్పుడు వాళ్ళ నుదురు మన నుదురే. 1979 నాటి సినిమాకు వచ్చేసరికి నుదుటి మీద గట్లు మొలిచాయి. అసలు కారణం అందరికీ తెలుసు: సినిమాకు డబ్బు ఎక్కువ, మేకప్ మంచిది. కాని ఆ కారణం చెప్పడం సంఘధర్మం కాదు. 1996లో ఒక భాగంలో పాత క్లింగాన్లను చూసి తోటివాళ్ళు క్లింగానైన వార్ఫ్‌ను ఇదేమిటని నిలదీస్తే, బయటివాళ్ళతో ఆ సంగతి మేము మాట్లాడం అని అతను ముఖం తిప్పుకుంటాడు. మన వ్యాకర్తలు మహర్షుల తప్పును ఆర్షప్రయోగం అని దాటవేయడం సరిగ్గా ఇదే. పండితులు దానితో తృప్తిపడ్డారు గాని అభిమానులు పడలేదు. 2005లో మరో సీరియల్ రెండు భాగాలు ఖర్చుపెట్టి, జన్యువుల ప్రయోగం వికటించి ఒక వైరస్ సోకడం వల్ల నుదుళ్ళు చదునయ్యాయని నిరూపించింది. పడిన ఇరవై ఆరేళ్ళకు ముడి వీడింది. మల్లినాథుడు ఇంత ఆలస్యం చేసేవాడు కాదు, కాని ఆయనకు వైరస్ అనే ఉపకరణం లేదు.

"దీప మారిన": ఇక్కడ దీపం అంటే టీవీ తెర, ఇంటి బల్బు, వీధి ట్రాన్స్‌ఫార్మరు, మూడూ. మూడిట్లో ఏది ఆరినా ఫలితం ఒకటే. టవరు దగ్గరే దీపం ఆరితే తెర మీద తమిళంలో తడంగలుక్కు వరుందుగిఱోం అని చీటీ పడేది. అంతరాయానికి చింతించేవాళ్ళు ఎక్కడో ఉన్నారన్న నమ్మకమే జనాన్ని కూర్చోబెట్టేది. ట్రాన్స్‌ఫార్మరు పోతే చింతించేవాడు కనపడడు. అప్పుడు కూర్చోవడానికి నిష్ఠ కావాలి.

దీపం ఆరినప్పుడు కథను మళ్ళీ చూపించాలన్న ధర్మానికి పూర్వోదాహరణ బ్రిటన్‌లో ఉంది. డాక్టర్ హూ మొదటి భాగం 1963 నవంబరు 23న వచ్చింది. అంతకు ముందురోజే అమెరికాలో కెనెడీ హత్య. పైగా చాలాచోట్ల కరెంటు పోయింది. బీబీసీవారు మరుసటి వారం రెండో భాగానికి ముందు మొదటి భాగాన్ని మళ్ళీ వేశారు. రాయపురంలో కరెంటు పోతే ఏ అధికారీ ఆ భాగాన్ని మళ్ళీ వేయలేదు. చూడని భాగాన్ని చూసినవాడు చెప్పగా వినాలి. చెప్పేవాడు ఎలాగూ ఇద్దరు రాక్షసులను, ఒక పేలుడును అదనంగా కలుపుతాడు. నోటిమాటగా నడిచిన కావ్యాలన్నిటికీ పట్టిన గతే ఇది.

ఆ బీబీసీవారే తర్వాత చేసిన పని మాత్రం క్షమించరానిది. టేపులు ఖరీదైనవని పాత భాగాలను చెరిపి వాటి మీద వేరే కార్యక్రమాలు రికార్డు చేసుకున్నారు. దాదాపు వంద భాగాలు అలా మాయమయ్యాయి. అయినా పోయిన ప్రతి భాగానికీ శబ్దం మిగిలింది. ఎలా? ఆ రోజుల్లో కొందరు పిల్లలు టీవీ ముందు టేప్‌రికార్డరు పెట్టుకుని ప్రతివారం రికార్డు చేసుకున్నారు. సంస్థ చెరిపింది, అభిమాని దాచాడు. బొమ్మ లేదు, మాట ఉంది. తాటాకు ప్రతుల కోసం సొంత డబ్బు పోసి, పండితులను కూర్చోబెట్టి పాఠాలు సరిచూయించిన సి.పి. బ్రౌన్ దొర ఈ పిల్లలను చూసి ఉంటే జీతమిచ్చి పనిలో పెట్టుకునేవాడు. ఆయన కూడబెట్టిన ప్రతులు ఇదే చెన్నపట్నంలో ప్రాచ్యలిఖిత భాండాగారానికి చేరాయి. రాయపురం ముందుగదుల్లో టేప్‌రికార్డర్లు లేకపోలేదు, కాని వాటిలో ఇళయరాజా క్యాసెట్టు ఉండేది. దాన్ని చెరిపి ఓడ చప్పుడు ఎక్కించే ధైర్యం ఏ సభ్యుడికీ లేదు. ఉండకూడదు కూడా.

ఛందస్సు, అలంకారం

తేటగీతికి ప్రాసనియమం లేదు. యతులు సరిపోయాయి: వే-వీ, మి-మీ, ఓ-ఉ, దీ-తి. మూడో పాదం మొదట అచ్చు వచ్చింది గదా, విసంధి దోషమంటారా? రెండో పాదంతో వాక్యం ముగిసింది గనుక దోషం లేదు. ముగియలేదనేవాళ్ళు మేడ మీదికి వెళ్ళి కొమ్మ పట్టుకుని నిలబడవచ్చు. స్వభావోక్తి అలంకారం.

పాఠాంతరం

నాలుగో పాదం చివర "తిరుగవలదు" అన్నది సంఘసభ్యుల పాఠం. "తిరుగవలయు" అని మరొక పాఠం బలంగా వినిపిస్తుంది. గణం చెడదు, యతి చెడదు, ఒక్క అక్షరం మారింది, నియమం తలకిందులైంది. రెంటిలో ఏది సాధువో తేల్చాలంటే మాతృకను అడగాలి. మాతృక వంటింట్లో ఉంది. పన్నెండున్నర దాటిందని, చేపల పులుసు పొయ్యి దిగి చాలాసేపయిందని, ఇంకోసారి పిలిచేది లేదని, కరెంటు వచ్చినా రాకపోయినా గిన్నె కడిగేస్తానని అంటోంది.